మెకానిక్ మీద కేసు కొట్టేశాక

దొంగిలించిన బైకులు దొరికితే వాటిని స్టేషన్ ముందు వరుసగా పెట్టి, వెనక ముసుగులు వేసిన మనుషుల్ని నిలబెట్టి, ఫొటోకి మా విలేకరుల్ని పిలవడం బెజవాడలో మామూలే. పోలీసులిచ్చిన ప్రెస్‌నోటే నా వార్త. ముఖానికి ముసుగుందిగా, నష్టమేముందనుకునేవాణ్ని. ఫొటో కింద ఇంటిపేరుతో సహా పేరూ ఊరూ రాసేది మాత్రం నేనే.

అలాంటి ఒక వార్త వేసిన నాలుగేళ్లకి, ఆ ముసుగుల్లో ఒకాయన గవర్నర్‌పేటలో మా ఆఫీసుకొచ్చాడు. ఇబ్రహీంపట్నంలో మెకానిక్. రిపేరుకని ఒకాయన వదిలివెళ్లిన బైకు దొంగబండి అని తేలి, ఆయన మీదా కేసయింది. ఇప్పుడు కోర్టు కొట్టేసింది. తీర్పు కాపీ ప్లాస్టిక్ కవర్లో తెచ్చాడు.

"ఇది కూడా వెయ్యండి సార్. షెడ్డుకి బండ్లు రావట్లేదు. అది చదివినోళ్లు ఇదీ చదవాలిగా."

చదివాను. నేరం రుజువు కాలేదనీ, అనుమానం మిగిలింది కాబట్టి ముద్దాయిని విడిచిపెడుతున్నామనీ ఉంది.

"మీరు దొంగతనం చెయ్యలేదని ఇందులో లేదండీ."

"చేశానని ఉందా?"

"లేదు."

"మరి చెయ్యలేదని నేనేం చూపించాలి సార్? ఆ రోజు నన్నడిగి రాశారా?"

డెస్కు ఇన్‌చార్జి తీర్పు తిరగేసి, "కొట్టేసిన కేసులన్నీ వేస్తే పేపరు చాలదు గురూ" అన్నాడు.

రుజువు చేయాల్సింది పోలీసులేననీ, అంతవరకు మనిషి నిర్దోషేననీ కొత్త విలేకరులకు చెప్పేవాణ్నే నేను. కోర్టుకి అనుమానం వచ్చింది పోలీసుల కథ మీద. చదువుతూ చదువుతూ ఆ అనుమానాన్ని ఆయన మీదికి ఎప్పుడు తిప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు.

వార్త రాలేదు. ఒక్క బండైనా వెళ్తుందిలే అని నా స్కూటర్ సర్వీసింగుకి ఆయన షెడ్డుకే తీసుకెళ్లాను. తాళం అందుకోకుండా, "ఆర్‌సీ చూపించండి సార్" అన్నాడు.

"ఇంట్లో ఉంది. అదీ మా బావమరిది పేరు మీద. సెకండ్ హ్యాండ్‌లో ఇచ్చాడు, ఇంకా మార్పించుకోలేదు."

"అయితే కష్టమండీ."

"నేనెవరో మీకు తెలుసుగా?"

"తెలుసండీ. అప్పుడు ఆ దొంగబండి తెచ్చినాయన కూడా తెలిసినాయనే." చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "మీరు తప్పుగా అనుకోబాకండి. ఇప్పుడు అందర్నీ అడుగుతున్నా. అందుకే సగం మంది వెనక్కెళ్తన్నారు" అన్నాడు.

కోపం వచ్చిందో, సిగ్గేసిందో సరిగా చెప్పలేను. "బండి నాదేనండీ" అన్నాను. అది చూపించడానికి నా దగ్గర కాయితమేదీ లేదు.