పక్కన పెట్టిన పండు

మా బాబాయి నాలుకను నమ్ముకొని ఒక కార్ఖానా బతికింది. సొంత మనిషి కదా అని గొప్పలు పోవడం లేదు, ఈ మాట మా యజమాని నోటి నుంచే విన్నాను. నిమ్మ, నారింజ, ఇంకా రకరకాల పుల్లటి పళ్ల రసం కాచి, చిక్కటి పాకం చేసి, సీసాల్లో నింపి అమ్ముతాం. కొన్నవాళ్లు నీళ్లలో కలుపుకొని తాగుతారు. నేను సీసాలకు లేబుళ్లు అంటించే గదిలో ఉంటాను. బాబాయి పెద్ద గదిలో, బానల దగ్గర. పొడుగాటి గరిటెతో కాస్త పాకం తీసి, చల్లారేదాకా ఊది, నాలుక మీద వేసుకొని కళ్లు మూసుకుంటాడు. తరువాత "ఇంకాస్త ఉడకనీ" అంటాడు, లేకపోతే "దించెయ్" అంటాడు. ఆ రెండు మాటలకే ఆయనకు జీతమని మిగతావాళ్లు కుళ్లుకుంటారు. అందరూ ఆయన్ని గరిటె మాస్టారంటారు.

మా సరుకు పేరంతా పులుపు వల్ల వచ్చింది. తీపి ఎవడైనా పోస్తాడు, పులుపును పులుపుగా నిలబెట్టడమే పనితనం అంటాడు బాబాయి. ఆ మాట ఎన్నిసార్లు విన్నానంటే, పెద్ద గదిలో ఆయన నోరు తెరవగానే ఇవతల మా లేబుళ్ల గది మొత్తం కోరస్ అందుకునేది.

నాలుకను కాపాడుకోవడం ఆయనకు ఉద్యోగం కంటే పెద్ద ఉద్యోగం. కాఫీ తాగడు. ఉల్లిపాయ ముట్టడు. వేడిది నోట్లో పెట్టుకోడు. ఇంతవరకూ ఆయన గొడవేదో ఆయనది. కానీ ఇంట్లో కాఫీ వాసన తగిలినా నాలుక మొద్దుబారుతుందని పట్టుబట్టాడు చూడండి, అప్పుడది మా పిన్ని గొడవ కూడా అయింది. పిన్ని మా అమ్మకు సొంత చెల్లెలు. తీపంటే ప్రాణం. కాఫీ తాగాక గ్లాసు అడుగున చక్కెర మిగిలితే వేలితో తీసుకొని తినే మనిషి. పెళ్లయ్యాక ఆ కాఫీ మా ఇంటికి మారింది. ఆయన పనికి బయల్దేరగానే వచ్చి, మా వంటగదిలో నిలబడి తాగి, మూతి తుడుచుకొని వెళ్లిపోయేది. మొగుడి చాటున తాగుడు మరిగిందని మా అమ్మ ఏడిపించేది.

ఇదంతా చెప్పానని వాళ్లకు పడదనుకునేరు. అదేం లేదు. సాయంత్రం బాబాయి ఇల్లు చేరి, చేతులు కడుక్కొని బల్ల దగ్గర కూర్చోగానే, "ఇవాళ ఎలా ఉందండీ?" అని అడిగేది పిన్ని. అంతే, బయట నలుగురిలో పని మాట తప్ప పెదవి విప్పని మనిషికి ఎక్కడలేని మాటలూ వచ్చేవి. కాయ ముదిరిందనీ, పులుపు ముందు తగిలి వెనక నుంచి చేదు వచ్చిందనీ, ఎప్పుడు దించాలో తెలియక తికమకపడ్డాననీ చెప్పుకుపోయేవాడు. ఆవిడ గడ్డం కింద చెయ్యి పెట్టుకొని వినేది. ప్రతి కొత్త పాకం నుంచీ ఒక సీసా ఇంటికి వచ్చేది. పిన్ని గ్లాసులో కలుపుకొని తాగుతుంటే ఆయన ఆవిడ ముఖంలోకే చూసేవాడు. "బాగుందండీ" అనేది. ఇన్నేళ్లలో ఇంకో మాట అనగా నేను వినలేదు.

అలాంటి ఇంట్లోకి పెద్ద జబ్బు వచ్చింది. పిన్నికి కడుపులో గడ్డ తీశారు. తరువాత నరంలోకి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. ఆ మందు జబ్బునేం చేసిందో అప్పుడే తెలియలేదు గానీ, నోటిని మాత్రం నాశనం చేసింది. ఏం తిన్నా తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఉందనేది. నీళ్లు కూడా అంతే. ముద్ద నోటిదాకా తీసుకెళ్లి దించేసేది. బుగ్గలు లోపలికి పోయాయి, చేతి గాజులు మోచేతి దాకా జారాయి. ఇలా తినకపోతే మందు ఆపాల్సి వస్తుందని డాక్టరు బాబాయిని పక్కకు పిలిచి చెప్పాడు. అంటే ఏమిటో మాకందరికీ అర్థమైంది.

ఆసుపత్రిలో సూది మందు ఇచ్చే నర్సమ్మ ఒకనాడు పిన్ని ఇంటికి ఏవో పళ్లు తెచ్చింది. వాళ్ల పెరట్లో తొట్టిలో పెంచుకుంటున్న మొక్కవట. ఎర్రగా, కోలగా, గోరంత పళ్లు. లోపల గింజే ఎక్కువ, దాని చుట్టూ పల్చటి గుజ్జు. డాక్టరును అడిగే తెచ్చానంది. ఒక పండు నోట్లో వేసుకొని, గుజ్జు నాలుకంతా తగిలేలా తిప్పి, గింజ ఉమ్మెయ్యాలి. ఆ తరువాత ఒక గంట దాకా ఏ పుల్లటిది తిన్నా తియ్యగా ఉంటుందట. నేను నమ్మలేదు. ముందు నేనే ఒకటి వేసుకున్నాను. పండుకు ఏ రుచీ లేదు. తరువాత నిమ్మచెక్క కొరికాను. నా మొహం నేను చూసుకోలేదు గానీ నర్సమ్మ పకపకా నవ్వింది. పులుపు నోట్లో అడుగుపెట్టిన చోటే తీపైపోయింది. చక్కెర నీళ్లలో నానబెట్టిన నారింజ తొన తిన్నట్టుంది.

తరువాత పిన్ని వేసుకుంది. నిమ్మచెక్క భయంభయంగా నాకి, ఆగి, ఇంకోసారి నాకి, మొత్తం నోట్లో పెట్టేసుకుంది. తుప్పు రుచి వెనక్కి పోయిందంది. పెరుగు అడిగింది. పుల్లటి పెరుగు గిన్నెడు తిన్నది. బాబాయి తెచ్చిన నిమ్మపాకం సీసా అడిగి, గ్లాసులో కలిపించుకొని గటగటా తాగింది. ఎన్నాళ్లకో ఆవిడ ముఖంలో వెలుగు చూసి నాకు ఏడుపొచ్చింది.

బాబాయి గుమ్మం పక్కన నిలబడి చూస్తున్నాడు. పిన్ని ఆయనకేసి తిరిగి నవ్వుతూ, "ఏమండీ, ఇన్నేళ్లకి మీ పాకం నాకు నచ్చింది" అంది.

"అంటే ఇన్నేళ్లూ నచ్చలేదా?"

"పులుపు నాకు పడదని మీకు తెలీదా? మీరు చేశారని తాగేదాన్ని."

ఆవిడ సరదాకే అంది. తిండి లోపలికి పోయిన సంతోషంలో నోటికొచ్చింది అనేసింది. ఆయన ముఖం మాత్రం ఇంతైపోయింది. పిన్ని అది గమనించిందో లేదో, గిన్నెలోంచి ఇంకో పండు తీసి చెయ్యి చాపింది.

"మీరూ ఒకటి వేసుకోండి. ఇప్పుడు నాకెలా ఉందో మీకూ తెలుస్తుంది."

రేపు పొద్దున బానలు పొయ్యి ఎక్కుతాయనీ, ఈ మాయ పండు తిని నాలుకను చెడగొట్టుకోలేననీ అన్నాడు బాబాయి. తెల్లారేదాకా ఎందుకుంటుంది, గంటలో పోతుందని నర్సమ్మ ఎంత చెప్పినా వినలేదు. అది నీకు తెలియదులే అమ్మా అన్నాడు. సరే, సెలవు రోజున తిందురు గాని అంది పిన్ని.

మొక్క చిన్నది. నర్సమ్మ తెచ్చినప్పుడల్లా గుప్పెడు కూడా ఉండేవి కావు. కోసిన పండు ఎక్కువ నిలవదు, మర్నాటికే నల్లబడుతుంది. అయినా ఆవిడ తెచ్చిన ప్రతిసారీ పిన్ని ఒకటి తీసి చిన్న కప్పులో వేసి, పైన మూత పెట్టి, "ఇది మీ బాబాయికి" అనేది. సెలవు రోజులు వచ్చాయి, పోయాయి. ఒకనాడు జలుబుగా ఉందన్నాడు. ఒకనాడు మర్నాడు కొత్త కాయ వస్తోందన్నాడు. నల్లబడ్డ పండును పిన్నే తీసి పారేసేది. నాకు ఒళ్లు మండేది. ఆ పండు కూడా తననే తినెయ్యమని మళ్లీ మళ్లీ చెప్పాను. ఎందుకే, ఆయన పండు ఆయనది అనేది.

ఆ రోజుల్లోనే బాబాయి సాయంత్రాలు కార్ఖానాలో ఆగిపోవడం మొదలుపెట్టాడు. యజమానిని అడిగి ఒక చిన్న గిన్నె తీసుకొని, విడిగా ఏదో కాస్తున్నాడు. వెళ్లి చూద్దును కదా, చక్కెర పోస్తున్నాడు. గరిటె మాస్టారు చేత్తో అంత చక్కెర పోయడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. కాయలోని పులుపును విరగ్గొట్టి, తీపిని పైకి తెచ్చి, రుచి చూసి, బాగాలేదని పారబోసి, మళ్లీ కాచేవాడు. ఏ మాయ పండూ లేకుండా, తన చేతిది తనదిగానే ఆవిడకు నచ్చాలి. అదీ ఆయన పంతం. అందులో ప్రేమ లేదని నేననను. నాలుక మీద బతికే మనిషికి ప్రేమ వచ్చినా గిన్నె, గరిటె పట్టుకొనే వస్తుంది కాబోలు. కానీ పిన్ని అడిగింది అది కాదు.

చివరికి ఒకనాడు కుదిరిందని సీసా పట్టుకొని పరుగున ఇల్లు చేరాడు. నేనూ వెనకాలే వెళ్లాను. పిన్ని అప్పటికే పండు వేసుకొని నారింజ తొనలు తింటోంది. ఆయన ఆగలేదు. గ్లాసులో కలిపి చేతికిచ్చాడు. ఉన్న తీపికి తోడు, మిగిలిన కాస్త పులుపు కూడా తీపై, నోట్లో జిగురులా అంటుకున్నట్టుంది. ఆవిడ ఒక్క గుక్క తాగి, ఆపుకోలేక, పక్కనున్న బేసినులో ఉమ్మేసింది. తిన్న తొనలు కూడా బయటికొచ్చాయి. ఆయన కదలకుండా కూర్చొని, పండు మాయ పోయేదాకా చూసి, మళ్లీ అదే గ్లాసు ఇచ్చాడు. ఈసారి తుప్పు తప్ప ఏమీ తెలియలేదంది.

"అబద్ధానికి అలవాటుపడ్డ నోరు. దీనికింక ఏం చేసి పెట్టినా ఇంతే" అన్నాడు బాబాయి.

పిన్ని గ్లాసును చప్పుడు కాకుండా కింద పెట్టింది.

"నేను చేసి పెట్టమనలేదండీ. పక్కన కూర్చొని ఒక పండు తినమన్నాను."

అప్పుడైనా ఆయన చెయ్యి చాపి ఉంటే బాగుండేది. గిన్నెలో పళ్లు ఉన్నాయి కూడా. సీసా తీసుకొని బయటికి వెళ్లి కాలవలో పారబోసి వచ్చాడు. మళ్లీ నర్సమ్మ పళ్లు తెచ్చినప్పుడు పిన్ని అన్నీ తనే తినేసింది. కప్పు కడిగి బోర్లించింది.

పిన్ని గట్టిది. మందు పూర్తయింది, జబ్బు తగ్గింది. నోటికి రుచి కూడా నెమ్మదిగా తిరిగొచ్చింది. ఒళ్లు చేసింది, గాజులు మళ్లీ మణికట్టు దగ్గర నిలబడ్డాయి. ఇప్పుడు ఇంట్లోనే కాఫీ పెట్టుకొని హాయిగా తాగుతోంది. బాబాయి కిక్కురుమనడు. కొంచెం కొంచెంగా చాలాసార్లు తినమని డాక్టరు చెప్పాడు కనుక, ఆవిడ తిండి వేళలు వేరయ్యాయి. సాయంత్రం ఆయనకు కంచం పెట్టి, కావలసినవన్నీ దగ్గర పెట్టి, వెళ్లి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంటుంది. కోపం లేదు, సాధింపు లేదు. ఆయన ఉండబట్టలేక కాయ ముదిరిందని చెబితే, "అలాగా" అంటుంది, చాలా మర్యాదగా.

ఒకరోజు బాబాయి మా లేబుళ్ల గదిలోకి వచ్చాడు. అన్నేళ్లలో ఎప్పుడూ ఆ గడప తొక్కలేదు. జిగురు డబ్బా చేతిలోకి తీసుకొని మూత పెడుతూ, తీస్తూ నిలబడ్డాడు.

"మీ పిన్ని నన్నేమీ అడగడం లేదే" అన్నాడు.

గట్టిగా దులిపేద్దామని నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి మింగేశాను. ఆ పండేదో తినెయ్యకపోయావా బాబాయ్ అని మాత్రం అన్నాను. "తినాల్సింది. ఏమయ్యేది, ఒక గంట నాలుక పోయేది. బానలు ఎక్కడికీ పోయేవి కావు" అన్నాడు. జిగురు డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

తనే నర్సమ్మ ఇంటికి వెళ్లి అడిగాడట. మొక్కకు కాయలు లేవు. మళ్లీ కాసేదాకా దారిలో కనబడినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాడని ఆవిడ నాతో అంది. చివరికి ఒక సెలవు రోజు పొద్దున రుమాల్లో పళ్లు మూటకట్టుకొని వచ్చాడు. నేను అప్పటికి అక్కడే ఉన్నాను. నిమ్మకాయను తనే గుండ్రంగా ముక్కలు కోసి పళ్లెంలో పేర్చాడు. ఒక పండు నోట్లో వేసుకొని, గింజ ఉమ్మేసి, ఒక ముక్క కొరికాడు. కళ్లు మూసుకున్నాడు. ఉడకనీ అనడానికీ లేదు, దించెయ్ అనడానికీ లేదు. కళ్లు తెరిచేసరికి నీళ్లున్నాయి. ఇంకో పండు అరచేతిలో పెట్టుకొని కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"నువ్వూ వేసుకో. ఇద్దరం తిందాం."

పిన్ని ఆ పండును చూసింది. తీసుకోలేదు.

"ఇప్పుడెందుకండీ? నాకు నోరు బాగైపోయిందిగా."

"ఒక్కసారి. అప్పుడు నీకెలా ఉండిందో తెలుసుకుందామని."

ఆవిడ నిజంగానే గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించింది. ఆయన్ని బాధపెట్టాలని కాదు, అది నాకు తెలుసు.

"ఎలా ఉండిందో నాకిప్పుడు గుర్తు రావడం లేదండీ. ఒక్కదాన్నే తిన్నాను కదా, చెప్పుకోవడానికి ఎవరూ లేకపోయారు" అంది.

బాబాయి వెనక్కి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. పళ్లెంలోని నిమ్మముక్కలు ఒక్కొక్కటే తీసుకొని తిన్నాడు. మధ్యమధ్యలో ఆగాడు గానీ లేవలేదు. చివరి ముక్కల దగ్గరికి వచ్చేసరికి పండు మాయ పోయినట్టుంది, ముఖం ముడుచుకుపోయింది. అయినా అవి కూడా తిన్నాడు.