నాలుగో పుస్తకంలో పెళ్ళి

ఈ దేశంలో క్యారీ అనే ఊళ్ళో మా అమ్మాయి రేణు ఇల్లు కొన్న ఏడాదే మేడమీద గదిలోకి నళిని అద్దెకు వచ్చింది. దగ్గరలో ఉన్న మందుల కంపెనీలో ఉద్యోగం. మాత్రను నీళ్ళలో వేస్తే ఎంతసేపటికి కరుగుతుందో చూడటం ఆమె పని. దానికి జీతం కూడా ఇస్తారా అని అడిగితే నవ్వి ఊరుకునేది. మాట తక్కువ, శుభ్రం ఎక్కువ. తిన్న కంచం అప్పుడే కడిగేది, నా కూతురిలా సింకులో నానబెట్టి మర్నాడు దాని మొహం చూసే రకం కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా ఎవరి మీదా విసుక్కోవడం నేను చూడలేదు. ఆ పిల్ల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్నే, కానీ పెద్ద చదువులు చదివినవాళ్ళు రాసినవన్నీ చూస్తూనే ఉన్నాను కాబట్టి నాకేం జంకు లేదు.

నళినికి ఒక్కటే పిచ్చి. ఒక కథ. అది ఒకసారి రాసి పారేసిన కథ కాదు. ఇటుకరాయంత పుస్తకం ఒకటి వస్తుంది, కథ సగంలో ఆగిపోతుంది. రెండేళ్ళకో నాలుగేళ్ళకో ఇంకో ఇటుకరాయి వస్తుంది. మధ్యలో ఆ రాసేవాడు ఏం చేస్తూ ఉంటాడే అని అడిగితే “రాస్తుంటాడు పెద్దమ్మగారూ” అనేది. ఆ కాలంలో మావైపు ఇల్లు కట్టి, గృహప్రవేశం చేసి, అందులో ఒక పురుడు కూడా పోస్తారు.

ఆదివారం పొద్దున నేను చిక్కుడుకాయలు ఈనె తీస్తుంటే ఎదురుగా కూర్చుని ఆ ఇంగ్లీషు కథ తెలుగులో చెప్పేది. నేను ఊ కొట్టేదాన్ని. ఊ ఆగితే కథ ఆగిపోయేది, అంత పద్ధతిగా చెప్పేది.

గాలులన్నిటినీ పట్టి ఒక కోటలో పెట్టి తాళం వేసిన రాజ్యం అది. గాలి లేక పడవ కదలదు, ధాన్యం తూర్పారబట్టే దారి లేదు, చెట్టుకు కాయ నిలవదు. గాలిని పేరు పెట్టి పిలవగల పిల్ల ఒక్కతే మిగిలింది. అమ్మా నాన్నా పోతే మేనమామ తెచ్చుకుని పెంచాడు. ఆ మేనమామకు ఒక కొడుకు. వాళ్ళ పేర్లు నా నోటికి తిరగక పిల్లను గాలమ్మ అనీ, వాణ్ణి బావ అనీ అనుకున్నాను. మేనమామ కొడుకు బావ కాక ఇంకేమవుతాడు? రెండో పుస్తకంలో గాలమ్మను కాపాడబోయి బావ ఒక కన్ను పోగొట్టుకున్నాడు. మూడో పుస్తకం చివర గాలమ్మను వంతెన దాటించి, శత్రువులను ఆపడానికి తను ఒక్కడూ నిలబడిపోయాడు. “తిరిగి రా” అని ఆ పిల్ల ఆవలి ఒడ్డు నుంచి అరిచింది. అంతే, పుస్తకం అయిపోయింది. ఎనభైరెండు నుంచి ఎనభైఆరు దాకా మా ఇద్దరినీ ఆ ఒడ్డునే నిలబెట్టాడు ఆ మహానుభావుడు.

“బతికి వస్తాడు, చూసుకో. వచ్చి మూడు ముళ్ళూ వేస్తాడు” అని నేను ఎప్పుడో తేల్చేశాను. నళిని కాదనలేదు.

ఆ పుస్తకాలు పంపేది ఉదయ్. నళిని తల్లికి స్వయానా అన్న కొడుకు. పదేళ్ళప్పుడే తల్లిదండ్రులతో న్యూజెర్సీ వచ్చేశాడు. నళిని పుట్టగానే వీడికి అనుకున్నారు పెద్దవాళ్ళు. ఆమె చదువుకని ఈ దేశం వచ్చిన మొదటి వేసవి మేనమామ ఇంట్లో ఉంటే, ఇతను మొదటి పుస్తకం చేతిలో పెట్టి ఇది నీకు నచ్చుతుంది అన్నాడు. అప్పటినుంచి కొత్తది వచ్చినప్పుడల్లా తను చదివి పోస్టులో పంపుతాడు. మేనమామ కొడుకు మేనత్త కూతురికి ఏ పుస్తకం పంపాడు? మేనమామ కొడుకు మేనత్త కూతురి కోసం కన్ను పోగొట్టుకున్న పుస్తకం. ఇంతకంటే విప్పి ఎవరు చెబుతారు?

నోటితో మాత్రం చెప్పడు. ఫోను చేస్తే కారు సంగతి, మంచు సంగతి, ఆఫీసు సంగతి. ఎనభైఆరు డిసెంబరులో మేనమామ ఇండియా వెళుతున్నాడు. ఈలోగా పిల్లలిద్దరూ సరే అంటే అక్కడ ముహూర్తం పెట్టించుకు వస్తానని కబురు పెట్టాడు.

“నువ్వేమన్నావే?” అన్నాను.

“ఉదయ్ అంటే నేనూ సరే అంటాను పెద్దమ్మగారూ.”

“అతనేమన్నాడు?”

“ఏమీ అనలేదు. ఫోర్త్ బుక్ వస్తోంది” అంది, పెళ్ళిచూపులకు వాళ్ళొస్తున్నారు అన్నట్టు.

అక్టోబరులో వచ్చింది. శుక్రవారం సాయంత్రం పైకి పట్టుకుపోయింది. శనివారం కిందికి దిగలేదు. ఆదివారం పొద్దెక్కాక పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చి నా ఎదుట కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది.

“ఏమైందే? వంతెన మీద పోయాడా?”

“లేదు. బతికే ఉన్నాడు.”

“మరి ఆ మొహమేంటి?”

“ఉప్పు అమ్మేవాడు వచ్చాడు పెద్దమ్మగారూ.”

“ఈ ఊళ్ళోనా?” అని నేను వీధి తలుపు వైపు చూశాను.

“బుక్‌లో! ఫస్ట్ హండ్రెడ్ పేజెస్ వాడే. బండి మీద ఉప్పు వేసుకుని ఊళ్ళు తిరుగుతాడు.”

“గాలమ్మ?”

“రాలేదు.”

“బావ?”

“రాలేదు. ఓన్లీ ఉప్పు.”

నేను చిక్కుడుకాయలు పక్కన పెట్టాను. నళిని చెప్పుకుపోయింది. ఆ ఉప్పువాడికి దారిలో గాలమ్మ కనిపిస్తుంది. ఇద్దరూ కలిసి కోట తాళం తీస్తారు. గాలులు బయటికి వస్తాయి. వంతెన దగ్గర దెబ్బలు తిన్న బావ కుంటుకుంటూ ఇల్లు చేరతాడు. ఆఖరి అధ్యాయంలో పెళ్ళి. పెళ్ళికొడుకు ఉప్పువాడు.

“వాళ్ళ దేశంలో పెళ్ళికూతురి ముందు దీపం పట్టుకుని నడిచేది అన్నగారట. బావ పట్టుకున్నాడు” అంది.

“అన్న లేడు కదా, అందుకని పట్టుకున్నాడేమో.”

“నవ్వుతూ పట్టుకున్నాడని రాశాడు పెద్దమ్మగారూ. మనసారా నవ్వాడని.”

“ఒంటికంటితో?”

“ఒంటికంటితోనే.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇది రాసినవాడి తప్పు కాదులే. బైండు చేసినవాడు చేసి ఉంటాడు. మావైపు అచ్చాఫీసువాళ్ళు ఒకరి పుస్తకం కాగితాలు ఇంకొకరి పుస్తకంలో కుట్టేస్తుంటారు. ఉప్పువాడు వేరే కథవాడు అయ్యుంటాడు.”

సైన్సు చదివిన పిల్ల, నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, కారు తాళాలు తీసుకుని పుస్తకాల షాపుకు వెళ్ళింది. గంటకు తిరిగి వచ్చింది.

“షాపులో ఉన్న కాపీలన్నీ చూశాను. అన్నిట్లోనూ ఉప్పే. అక్కడ పనిచేసే అమ్మాయిని అడిగితే సిరీస్ మొత్తంలో ఇదే బెస్ట్ అంది. హ్యాపీ ఎండింగ్ అంట.”

“కన్ను పోగొట్టుకున్న మేనబావను వదిలేసి దారినపోయే ఉప్పువాణ్ణి కట్టుకోవడం హ్యాపీయా? ఆ అమ్మాయికి పెళ్ళయిందా?”

“అడగలేదు పెద్దమ్మగారూ.”

ఆ తరువాత నెలరోజులూ మా ఇంట్లో ఇదే పంచాయితీ. ఆఖరి అధ్యాయం ఎన్నిసార్లు చదివిందో ఆ పిల్లకే తెలియాలి. ఉదయ్ చదివే పంపాడు, కాగితం మూలలు మడిచి ఉన్నాయి. దీపం దగ్గర కూడా ఒక మడత ఉంది. ఆ మడతకు అర్థమేమిటి? నేను, “అది త్యాగం. నీకు ఇష్టం లేకపోతే నేను అడ్డు రాను అంటున్నాడు పాపం. అంటే నువ్వంటే ప్రాణమన్నమాట” అన్నాను. “ప్రాణమైతే దీపం ఎందుకు పట్టుకుంటాడు, పెళ్ళి ఆపాలి కదా?” అంది నళిని. అదీ నిజమే అనిపించింది. మర్నాడు తనే వచ్చి, “మీరన్నదే రైట్ అనుకుంటా” అంది. ఈలోగా నేను మనసు మార్చుకుని ఉన్నాను. ఇలా ఒకరిది ఒకరు కాదనుకుంటూ ఇద్దరం అయోమయంలో పడ్డాం. ఫోనులో అడిగెయ్యవే అంటే, “పుస్తకం గురించా, పెళ్ళి గురించా?” అని నన్నే అడిగింది.

నవంబరు చివర, ఇక్కడివాళ్ళంతా టర్కీకోడి వండుకుతినే సెలవులకు ఉదయ్ కారేసుకుని వచ్చాడు. రేణూ అల్లుడూ పిల్లలతో అట్లాంటా వెళ్ళారు. ఇంట్లో మేము ముగ్గురమే. గుత్తివంకాయ, టమాటా పప్పు చేశాను. మనిషి మంచివాడు. వస్తూనే చెప్పులు విప్పి, తినేముందు చేతులు కడుక్కున్నాడు. అరవై ఎనిమిదేళ్ళదాన్ని పట్టుకుని ఆంటీ అన్నాడు గానీ, అది ఈ దేశపు పాపం.

“ఆంటీ, వంకాయ సూపర్. మా మమ్మీ ఇలా చెయ్యదు.”

“మీ అమ్మకు ఆ మాట చెప్పకు” అన్నాను.

నళిని అన్నం కలుపుతూ, తలెత్తకుండా, “ఉదయ్, ఫోర్త్ బుక్ ఎలా ఉంది?” అంది. నాతో మాట్లాడేటప్పుడు గాలమ్మ బావను ఎన్నిసార్లు బావ అన్నా, ఇతన్ని మాత్రం ఎప్పుడూ పేరుతోనే పిలిచేది.

“బెస్ట్ వన్! ఆ లాంప్ సీన్‌లో నేను ఏడ్చా తెలుసా? తన సిస్టర్‌ని అలా పంపిస్తుంటే...”

“సిస్టర్ కాదు. మేనత్త కూతురు.”

“యా, కజిన్. బట్ ఒక ఇంట్లోనే పెరిగారు కదా. సిస్టరే.”

“వాళ్ళిద్దరికీ పెళ్ళవుతుందని నువ్వు అనుకోలేదా? మూడు బుక్స్‌లో ఎప్పుడూ?”

“ఎవరికి? వాళ్ళిద్దరికా?” అని ఉదయ్ పెద్దగా నవ్వాడు. “కమాన్ నళినీ, దట్స్...”

అక్కడ ఆగిపోయాడు. ఆమె మొహం చూశాడు. నవ్వు ఎక్కడిదక్కడ పోయింది.

ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి కాబట్టి, “పెరుగు వేసుకో బాబూ” అన్నాను. పప్పు ఇంకా సగం కూడా తినలేదు.

“నువ్వు అలా చదివావా? అన్నీ?” అన్నాడు మెల్లగా.

“అన్నీ.”

“నేను పంపినప్పుడు కూడా?”

“నువ్వు పంపావు కాబట్టే.”

ఉదయ్ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. “డాడీ అడిగినప్పుడల్లా నళినిని అడగండి అన్నా. నువ్వు నో చెప్తావ్ అనుకున్నా. నువ్వేం చెప్పకపోతే, నీక్కూడా ఇష్టం లేదు, పెద్దవాళ్ళకి చెప్పడానికి భయపడుతున్నావ్ అనుకున్నా. నేను నీకోసం వెయిట్ చేశా.”

“నేను నీకోసం” అంది నళిని. లేచి, కంచం సింకులో అలాగే వదిలేసి పైకి వెళ్ళింది. పైన కుళాయి తిప్పిన చప్పుడు, ఎంతకీ కట్టేయలేదు.

“ఆంటీ, నేను తప్పు చేశానా?”

“ఏమో బాబూ. ఆ రాసినవాడికి వరస తెలియదు, నీకూ తెలియదు. మాకు తెలిసిన వరస ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. నువ్వు తప్పు చేశావో, అది చేసిందో, నేను ఎవరిని తిట్టాలో కూడా తోచడం లేదు. అన్నం మాత్రం తిను.”

తిన్నాడు. పిల్లాడు బెదిరిపోయి ఉన్నాడు.

నళిని దిగి వచ్చేసరికి మొహం కడుక్కుని, జడ బిగించుకుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వంటింటి గోడకు ఉన్న ఫోను తీసి, “మామయ్యకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?” అంది. ఉదయ్ లేచి వెళ్ళి, “డాడీ” అన్నాడు, “వీ... అంటే మేము...” అన్నాడు, తెలుగూ ఇంగ్లీషూ రెండూ అయిపోయి నిలబడ్డాడు. నళిని ఫోను అందుకుంది.

“మామయ్యా, ముహూర్తం పెట్టించకండి. మేం చేసుకోవడం లేదు... లేదు, గొడవేం పడలేదు... ఎవరూ లేరు మామయ్యా, ఒట్టు... ఎందుకంటే...” అంది. ఉదయ్ వైపు చూసింది. “తనకి నేను చెల్లెల్లాంటిదాన్నట” అంది.

“మేనత్త కూతురు చెల్లెలెట్లా అవుతుందే!” అన్న ఆయన కేక నాకు పొయ్యి దగ్గరికి వినిపించింది. నళిని ఫోను నా చేతిలో పెట్టేసింది.

“ఏం జరుగుతోందమ్మా అక్కడ?” అన్నాడాయన.

“నాకు తెలిస్తే చెప్పనా అన్నయ్యగారూ? మీ కొడుకూ మేనకోడలూ ఆరోగ్యంగా ఉన్నారు. పెళ్ళి ఒక్కటే లేదు. మీరు ప్రయాణం మానకండి” అని పెట్టేశాను.

కాఫీ కలిపి తెచ్చేసరికి ఇద్దరూ బల్లకు ఇటొకరు అటొకరు కూర్చుని ఉన్నారు. మధ్యలో నాలుగో పుస్తకం.

“హండ్రెడ్ పేజెస్ ఉప్పు! ఎవడు చదువుతాడు?” అంటోంది నళిని.

“అదే పాయింట్! నీకు పేషెన్స్ లేదు.”

“నాకా? నాకా పేషెన్స్ లేనిది?” గొంతు పెరిగింది. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. “ఏడేళ్ళు ఉదయ్!”

అతను తల వంచుకుని, “ఐ నో” అన్నాడు. కాసేపటికి మళ్ళీ ఉప్పు మీదికే వచ్చారు. కన్ను పోయింది ఏ యుద్ధంలో, వంతెన ఎవరు కట్టారు, గాలమ్మ ఉప్పువాణ్ణి ఎప్పుడు ఇష్టపడింది అని కాగితాలు తిరగేసి చూపించుకుంటూ పోట్లాడుకున్నారు. మధ్యలో ఒకసారి నళిని కళ్ళు తుడుచుకుంది, మాట మాత్రం ఆపలేదు. పెళ్ళి మాట ఉన్నంతకాలం వాతావరణం తప్ప మాటలు లేనివాళ్ళు అది పోయిన పూట కాఫీ చల్లారేదాకా మాట్లాడుకున్నారు. ఇలా మాట్లాడుకోగలిగినవాళ్ళు ఎందుకు పెళ్ళి చేసుకోకూడదో అడుగుదామని రెండుసార్లు నోరు తెరిచాను. ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. కాఫీ కప్పులు తీసుకుని వెచ్చబెట్టడానికి లోపలికి వెళ్ళాను.