నన్నడిగితే అన్నయ్య చెప్తాడు

మా అన్నయ్యకి ఒకే ఒక్క దురలవాటు. ప్రశ్న ఎవరిని అడిగినా జవాబు తనే చెప్తాడు. తక్కిన విషయాల్లో బంగారంలాంటి మనిషి. కానీ పక్కనున్నవాళ్ల ప్రాణాలు తోడెయ్యడానికి ఈ ఒక్కటి చాలు.

ఒకసారి నన్ను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. నా నోట్లో రెండు ఇనుప పనిముట్లు పెట్టి డాక్టరు "నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు. "అబ్బే, దానికి చిన్నప్పట్నుంచీ ఓర్పెక్కువండీ" అన్నాడు అన్నయ్య వెనక కుర్చీలోంచి. డాక్టరు నిశ్చింతగా పన్ను పీకేశాడు. ఇంకోసారి రైలు టిక్కెట్ల వరసలో మా ముందున్న పెద్దాయన్ని గుమాస్తా వయసెంతని అడిగితే, "అరవై రెండో మూడో ఉంటాయి" అన్నాడు అన్నయ్య. ఆయనకి యాభై నాలుగు. ఆ రోజు మాకు టిక్కెట్లు దొరకలేదు, తన్నులు మాత్రం తృటిలో తప్పాయి.

మాది బడి యూనిఫాంలు కుట్టే దుకాణం. అన్నయ్య కటింగ్ మాస్టరు. నేను కొలతలు తీసి మిషను తొక్కుతాను. వదిన కాజాలు, గుండీలు చూసుకుంటుంది. ఇక నా సంగతి. పుట్టినప్పుడు నన్ను అబ్బాయన్నారు. కాదు, అమ్మాయినని ఇరవై రెండో ఏట ఇంట్లో చెప్పాను. అది జరిగి ఎనిమిదేళ్లయింది. ఈ విషయం పెద్దవాళ్లు నా వెనక మాట్లాడుకుంటారు, పిల్లలు ముఖం మీదే అడుగుతారు. అడగరా మరి? కొలతలు తీసేటప్పుడు వాళ్ల మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంటుంది. చేతులు చాచి కదలకుండా నిలబడాలి. పాపం వాళ్లకి ఖాళీగా మిగిలేది నోరొక్కటే.

"ఆంటీ, మీ గొంతు మా నాన్న గొంతులా ఉందేంటి?" అందొక పిల్ల.

నేను నోరు తెరిచేలోపు కత్తెర బల్ల దగ్గర్నుంచి జవాబొచ్చేసింది. "చూడమ్మా, ఒక గుడ్డ ఉందనుకో. అందరూ అది చొక్కా గుడ్డ అనుకున్నారు. కత్తెర పెట్టబోతే తెలిసింది, గౌను గుడ్డని. తప్పు గుడ్డది కాదు కదా?"

"మరి గొంతు?"

"గొంతు మా వంశంలోనే ఉంది. మా అమ్మ గొంతు వినుంటే నువ్వు ఇక్కడ నిలబడేదానివి కాదు."

నేను గుడ్డను కాదురా నాయనా, మనిషిని అని ఎంత మొత్తుకున్నా లాభం లేకపోయింది. మర్నాడు ఇంకో పిల్లవాడు "మీరు అబ్బాయా, అమ్మాయా?" అన్నాడు. ఈసారి అన్నయ్య సుద్దముక్క తీసుకుని బల్ల మీదున్న గుడ్డ మీద ఒక తలకాయ, ఒక గుండెకాయ గీసి, మధ్యలో నాలుగు బాణాలు వేసి అరగంట వివరించాడు. ఆ గుడ్డ ఐదో తరగతి కుర్రాడి నిక్కరు. తలకాయ ఎంత ఉతికినా పోలేదు.

మూడోవాడు అన్నింటికన్నా సులువైనది అడిగాడు. "మీరు ఎప్పుడు అమ్మాయయ్యారు?"

"మంగళవారం" అన్నాడు అన్నయ్య తడుముకోకుండా. "సాయంత్రం ఐదున్నరకి. బయట వాన."

వాడు వెళ్లాక అన్నయ్యని పట్టుకున్నాను. "నేను మంగళవారం నాడు మారలేదురా, మంగళవారం నాడు చెప్పాను. నేనేమన్నా రైలునా, టైముతో సహా చెప్పడానికి?"

"టైము చెప్తే పిల్లలకి నమ్మకం కుదురుతుందే" అన్నాడు.

వారం తిరక్కుండా నలుగురు పిల్లలు జట్టుగా దుకాణానికొచ్చారు. వాళ్లకి నాయకురాలు ముందు పళ్లు రెండు ఊడిన పిల్ల. "ఆంటీ, గుడ్డ నిజమా, బాణాలు నిజమా, మంగళవారం నిజమా? మా క్లాసులో మూడు పార్టీలయ్యాయి" అంది. నేను నోరు తెరిచాను. "మూడూ నిజమే" అన్నాడు అన్నయ్య.

ఆ మూడు పార్టీలూ ఇళ్లకి చేరాయి, ఇళ్ల నుంచి బడికి చేరాయి. హెడ్‌మిస్ట్రెస్ గారు మా దుకాణానికి వచ్చి నాతో మెల్లగానే చెప్పారు. "మీ సంగతి మీరు చెప్పుకుంటే నాకేమీ అభ్యంతరం లేదమ్మా. కానీ ఒక్కో ఇంటికి ఒక్కో కథ వెళ్తోంది. తల్లిదండ్రులు నన్ను అడిగితే నేనేం చెప్పను? రేపు బడికొచ్చి కొలతలు తీస్తారు కదా. పిల్లలు అడిగితే మీరొక్కరే, ఒక్కటే చెప్పండి. ఇంకో కొత్త కథ బయల్దేరితే మాత్రం వచ్చే ఏడు యూనిఫాంలు ఇంకెవరికైనా ఇవ్వాల్సొస్తుంది. సరేనా?"

"సరేనండీ, నేను చెప్తాగా" అన్నాడు అన్నయ్య.

మా దుకాణానికి ఉన్న పెద్ద బడి అదొక్కటే. ఆ రోజు ఇంటికెళ్లాక నేను చేసిన రభస ఇంతా అంతా కాదు. "రేపు నువ్వు నోరు విప్పావంటే నేను మిషను మానేసి ఎక్కడికైనా పోతాను" అన్నాను.

"నీకు చెప్పడం రాదే. మొహమాటపడతావు."

"నా సంగతి నాకు చెప్పడం రాదా?"

వదిన నా పక్కకొచ్చేసింది. "నీదేముందమ్మాయ్, పెళ్లి ఇష్టమేనా అని మా నాన్న నన్నడిగితే, ఇష్టమేనండీ అన్నది ఈయన" అంది. ఇద్దరం ఒక్కటయ్యేసరికి అన్నయ్య దిగొచ్చాడు. తన మాట మీద తనకే నమ్మకం లేదు కాబట్టి మర్నాడు బడి హాల్లో అడుగుపెట్టగానే గుప్పెడు గుండుసూదులు పెదాల మధ్య బిగించి కూర్చున్నాడు.

వరసలో మొదట నిలబడింది ఆ పళ్లూడిన పిల్లే. చేతులు చాచి, "ఇవాళ ఏ కథ ఆంటీ?" అంది.

అన్నయ్య అన్న మొహమాటం నిజంగానే అడ్డం వచ్చింది. దాన్ని పక్కకి నెట్టి చెప్పాను. "కథ కాదమ్మా. పుట్టినప్పుడు అందరూ నన్ను అబ్బాయనుకున్నారు. నేను అమ్మాయిని. అది నాకు నీ వయసులోనే తెలుసు. చెప్పడానికి ధైర్యం వచ్చేసరికి పెద్దదాన్నయ్యాను."

నేను భుజం కొలిచేంతసేపు ఆలోచించింది. "అంతేనా?"

"అంతే."

"నా గౌనుకి జేబు పెడతారా?"

"పెడతాను."

"రెండు పెట్టండి."

అయిపోయింది. ఎనిమిదేళ్లుగా అన్నయ్య నా నోటిదాకా రానివ్వని జవాబుకి పట్టిన సమయం అదీ. నాకు సంతోషం కన్నా ముందు అన్నయ్య మీద ఒళ్లు మండింది. దీనికా తలకాయలు, బాణాలు?

ఆ పిల్ల అంతటితో వదల్లేదు. అన్నయ్య వైపు తిరిగి, "మాస్టారూ, ఆంటీ అలా చెప్పినప్పుడు మీరేమన్నారు?" అంది.

అన్నయ్య మొహం ఎర్రబడింది. ఆ జవాబు నాకు తెలుసు. ఆ మంగళవారం సాయంత్రం నాన్న అన్నయ్యని సూటిగా అడిగాడు, నువ్వేమంటావురా అని. దారిన పోయేవాళ్ల తరఫున కూడా మాట్లాడే మనిషి ఆ రోజు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. అమ్మకీ నాన్నకీ బాబాయికీ రెండు గంటలపాటు నేనొక్కదాన్నే జవాబు చెప్పుకున్నాను. ఆ మాట మా ఇద్దరి మధ్య మళ్లీ ఎప్పుడూ రాలేదు. పిల్లల ముందు వాడి పరువెందుకు తియ్యాలనిపించింది.

"వెంటనే సరేనన్నాడమ్మా" అన్నాను.

అన్నయ్య నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. "నన్నడిగితే నువ్వు చెప్తావేంటే?" అన్నాడు నిజంగా కోపంగా. పక్కన కొలతలు రాసుకుంటున్న వదిన పుస్తకంలో మొహం దాచుకుంది.

"నేనేమీ అనలేదమ్మా" అన్నాడు ఆ పిల్లతో. "నోరు పెగల్లేదు. ఇదొక్కతే నిలబడి అందరికీ చెప్పుకుంది. అది చూశాక ఒట్టేసుకున్నా, ఇంక దీన్ని ఎవరేమడిగినా ముందు నేనే అందుకోవాలని."

"ఇప్పుడు ఆంటీకి చెప్పడం వచ్చుగా."

"వచ్చని ఇవాళే తెలిసింది" అన్నాడు, కాస్త డీలాపడి.

వాగుడనుకున్నాను ఇన్నాళ్లూ. నా మీద మాట పడకుండా అడ్డంగా నిలబడ్డాడని తట్టనే లేదు. వాడి మీద ప్రేమ ముంచుకొచ్చి కొలత టేపు రెండుసార్లు జారిపోయింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఆ నిక్కరు నేను ఉతికాను మరి.

తర్వాతి పిల్లవాడు వచ్చి నన్నోసారి, అన్నయ్యనోసారి చూసి, అన్నయ్యనే అడిగాడు. "ఈ ఆంటీ అబ్బాయా?" అన్నయ్య నోరు తెరిచాడు, మూశాడు. "ఆవిడ్నే అడుగు బాబూ. ఆవిడ సంగతి ఆవిడకే బాగా తెలుసు" అన్నాడు. నేను చెప్పాను. ఆ పిల్లవాడు తలూపి, ప్యాంటు కాస్త పొడుగ్గా కుట్టమన్నాడు.

మధ్యాహ్నానికి వరస అయిపోయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు తలుపు దగ్గర ఎప్పట్నుంచి నిలబడి వింటున్నారో తెలియదు. లోపలికొచ్చి నా కళ్లలోకి చూస్తూ అడిగారు. "వచ్చే ఏడు కూడా మీరే కుడతారు కదమ్మా?"

"కుడుతుందండీ" అన్నాడు అన్నయ్య.

నేను చెప్పబోయింది కూడా అదే కాబట్టి ఊరుకున్నాను.