పంతొమ్మిదో నంబరు జెర్సీ

మా అబ్బాయి ముద్దని నోటి దగ్గరికి తీసుకెళ్ళలేదు. నోటినే ముద్ద దగ్గరికి దించాడు. నాకు మొదట భయం వేసింది అప్పుడే.

అంతకు ముందు మూడు రోజులుగా వాడు ఎడం చేత్తో తింటున్నాడు. పదకొండేళ్ళవాడు, బద్ధకం అనుకుని రోజూ తిట్టాను. ఆ మంగళవారం సాయంత్రం గొంతు పెంచాను. "కుడి చేత్తో తిను. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?" వాడు కుడి చెయ్యి కంచంలో పెట్టి పప్పన్నం కలిపాడు. ముద్ద చేశాడు. మోచేయి బల్ల మీంచి లేవలేదు. వీపు వంచి తల దించాడు.

"హీ కాంట్, అమ్మా," అంది పక్కన కూర్చున్న మా ఏడేళ్ళ పాప. "ఇట్ డజంట్ గో అప్."

"షటప్. యూ ప్రామిస్డ్," అన్నాడు వాడు.

చొక్కా చెయ్యి పైకి లాగి చూశాను. మోచేయి లోపలి వైపు వాచి, వేడిగా ఉంది. ఎప్పట్నించి అని అడిగితే శనివారం మ్యాచ్ నుంచి అన్నాడు. కోచ్‌కి ఎందుకు చెప్పలేదంటే, అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"నైన్టీన్ డజంట్ కమ్ అవుట్."

పంతొమ్మిదో నంబరువాడు ఆట మధ్యలో బయటికి రాడట. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు.

కెనడాలోని బర్నబీలో, మా ఇంటికి దగ్గర్లోని పార్కులో పిల్లల బేస్‌బాల్ క్లబ్బు ఉంది. మా వాడు అందులో పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. ఏటా ఒక పిచ్చర్‌కి పంతొమ్మిదో నంబరు జెర్సీ ఇస్తారు. ఇస్తూ కోచ్ ఒక కథ చెప్తాడు. ఎప్పుడో ఆ నంబరు వేసుకున్న ఒకతను చెయ్యి నొప్పితోనే ఒకే రోజు రెండు మ్యాచ్‌లు చివరిదాకా విసిరి గెలిపించాడట. కథలో నంబరు ఉంటుంది గాని మనిషి పేరు ఉండదు. ఆ మనిషే ప్రతి శనివారం పొద్దున్నే వచ్చి మైదానంలో సున్నం గీతలు గీసి, కంచె వెనక మడత కుర్చీలో కూర్చుని ఆట చూసేవారని పిల్లలకి తెలియదు. కోచ్‌కైనా తెలుసో లేదో.

నాకు తెలిసింది కూడా అనుకోకుండానే. పోయిన వేసవిలో నేను పాపతో తెలుగులో మాట్లాడుతుంటే ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఫిజీలో పుట్టి చిన్నప్పుడే ఇక్కడికి వచ్చేసిన తెలుగాయన. ముత్తాతలు చెరకు తోటల్లో పనికి వెళ్ళినవాళ్ళు. నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు, ఒక్కో మాటా వెతుక్కుంటూ మాట్లాడేవారు. నేను గారెలు పెడితే ఎడం చేత్తో అందుకున్నారు. నాకు లోపల చిరాకేసింది. మొహంలో కనబడిందేమో.

"కుడిది పైకి రాదమ్మా," అన్నారు. "ఆ రెండు ఆటల రోజు, మొదటి ఆటలోనే లోపల ఏదో తెగింది."

"ఆ పంతొమ్మిది మీరేనా అంకుల్? మరి రెండోది ఎందుకు ఆడారు?"

"నొప్పంటే కూర్చోబెడతారు. ఆ టీములో మన రంగువాణ్ణి నేనొక్కణ్ణే. ఒకసారి కూర్చుంటే మళ్ళీ లేపేవాళ్ళు కాదు." గారె తుంచుకుంటూ నవ్వారు. "వీళ్ళు ధైర్యం అంటారు. నాకు భయం, అంతే. మీ పిల్లోడికి ఆ నంబరు ఇస్తే వద్దని చెప్పు."

సరే అంకుల్ అన్నాను. ఇంటికొచ్చి మా ఆయనతో మాత్రం, ముసలాయనకి తన నంబరు ఇంకొకరు వేసుకోవడం ఇష్టం లేనట్టుందని చెప్పాను.

చలికాలంలో ఆయన పోయారు. ఆ సంగతి వసంతంలో, గీతలు గీయడానికి మనిషి కావాలని క్లబ్బు నుంచి ఈమెయిల్ వచ్చినప్పుడు తెలిసింది. అదే వారం మా వాడికి పంతొమ్మిది ఇచ్చారు. ఆయన మాట గుర్తొచ్చింది. కానీ వాడు జెర్సీ వేసుకుని అద్దం ముందు నిలబడితే, ఈ ఊళ్ళో నలుగురూ మా వాణ్ణి చూస్తున్నారన్న సంతోషంలో నోరు మూసుకున్నాను. ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను.

ఆ వారం మా ఆయన ఆఫీసు పని మీద కాల్గరీలో ఉన్నారు. కంచాలు అలాగే వదిలేసి, పిల్లలిద్దర్నీ ఎక్కించుకుని ఎమర్జెన్సీకి నేనే డ్రైవ్ చేశాను. ఎముక ఎదిగే చోట చీలి పక్కకి జరిగిందని డాక్టరు ఎక్స్‌రే చూపించారు. శనివారమే ఆపి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అన్నారు. ఆపరేషన్ కావాలో వద్దో స్పెషలిస్టు చెప్పాలట. ఇన్ని రోజులు మీకెలా తెలియలేదని మాత్రం అడగలేదు. అడుగుతారని నేను ఎదురుచూస్తూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున, చేతికి కట్టుతో కూర్చున్న వాడి ఎదురుగా పాపని కూడా కూర్చోబెట్టి చెప్పాను. గీతలు గీసే తాతగారే ఆ పంతొమ్మిది అని. ఆయన ఆడింది ధైర్యంతో కాదు, పక్కన పెట్టేస్తారన్న భయంతో అని. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదని. ఇదంతా నాకు ఏడాదిగా తెలుసని, నిన్ను ఆ జెర్సీలో చూడాలనిపించే చెప్పలేదని. పాపతో, అన్న ఎన్ని ఒట్లు వేయించుకున్నా నొప్పి సంగతి నాకు చెప్పి తీరాలని అన్నాను.

"విల్ ఐ పిచ్ అగైన్?" అని అడిగాడు వాడు.

"ఈ ఏడాది లేదు. ఆ తర్వాత సంగతి తెలీదు నాన్నా," అన్నాను. "డాక్టరుకీ తెలీదు."