రక్తం తీయకముందే వచ్చిన అంకె

నిరుడు ఆగస్టు రెండో సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. మదనపల్లెలో సన్నని తుంపర పడుతోంది. దయ్యాలను, శకునాలను నేను ఏనాడూ నమ్మలేదు. కాలేజీలో గణాంకశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి. కొలవలేనిదాన్ని లెక్కలోకి తీసుకోను.

మా తమ్ముడి కూతురు శాలిని కంప్యూటర్ పరిశోధకురాలు. పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో మూత్రపిండాల జబ్బు ఎక్కడ, ఎందుకు ఎక్కువగా ఉందో తేల్చడానికి ఒక ప్రోగ్రాం రాసింది. తాగే నీరు, వయసు, చేసే పని, రక్తంలో పేరుకున్న క్రియాటినిన్ అనే వ్యర్థం, ఇవన్నీ కలిపి అది పటం మీద ఒక్కో రోగికి ఒక్కో ఎర్రచుక్క పెడుతుంది. రక్తపరీక్ష జరగనివారికి చుక్క రాదు. సరిచూసే పని నాది.

రోగులు నలభై ఒక్కరు. ఆ ఉదయం పటం మీద చుక్కలు నలభై రెండు.

అదనపు చుక్క గుడుపల్లె దాటాక పొలాల మధ్య ఉంది. పేరు లేదు. క్రియాటినిన్ మాత్రం 7.4 అని చూపుతోంది. ఆరోగ్యవంతులకు అది ఒకటికి అటూ ఇటూగా ఉంటుంది. శాలిని ఆ చుక్కను తొలగించి, వేరే కంప్యూటర్‌లో అంతా మొదటినుంచి నడిపింది. మళ్లీ అక్కడే, అదే అంకె.

"ఇది తప్పే పెద్నాయనా. కానీ ఆ తప్పు యాడ ఉండాదో దొరకలేదు."

"అయితే ఆడికే పోదాం పద," అన్నాను.

మధ్యాహ్నానికి చేరాం. చుక్క చూపిన చోట మల్బరీ తోట, అందులో పట్టుపురుగుల షెడ్డు ఉన్నాయి. రైతు రెడ్డెప్ప గుమ్మానికి అడ్డంగా చేతులు చాచాడు.

"లోపలికి రావద్దు సామీ! పురుగులు ఆఖరి మేతలో ఉండాయి. బయటోళ్ల కాలిదుమ్ముతో రోగమొస్తే పంటంతా పాయ."

ఊరూరా తిరిగి రక్తపరీక్షలు చేసేవాళ్లు ఇక్కడికి రాలేదా అని అడిగాను.

"వచ్చినారు, నాకు తీసినారు. మా ఆడమనిషి లోపల మేతేస్తా ఉన్నింది, పిల్చలేదు. బయటికొస్తే మళ్లా కాళ్లు కడిగి మందు చల్లుకోవాల గదప్పా!"

మాటలు విని అతని భార్య మునెమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. ముఖం ఉబ్బి ఉంది. పాదాలు వాచి నిగనిగలాడుతున్నాయి.

"కాళ్లు రొంత వాసినాయంతే. పురుగులు గూళ్లు కట్టేదాకా నేను యాడికీ రాను. ఈయప్ప మేతేస్తే అవి పస్తుంటాయి!" అంది.

ఇప్పుడే రాకపోతే ప్రాణానికే ముప్పని శాలిని చెప్పింది. రెడ్డెప్ప గుమ్మం దగ్గర్నుంచి పక్కకు తప్పుకున్నాడు.

"పురుగులు పోతే ఇంకో పంట పెట్టుకుందాం లేమ్మే. మేత నేనేస్తా. ముందు నువ్వు కారెక్కు."

కుప్పం ఆసుపత్రిలో ఆమెకు రక్తం తీశారు. ఫలితం వచ్చిన కాగితాన్ని నర్సు చేతిలోంచి దాదాపు లాక్కున్నాను. క్రియాటినిన్ 7.4. ఆ రక్తం సూదిలోకి రావడానికి కొన్ని గంటల ముందే ఆ అంకె మదనపల్లెలో మా తెర మీద ఉంది! కాగితం శాలినికి ఇచ్చి, ఆ అంకెను పైకి చదవమన్నాను.

వెంటనే డయాలసిస్ మొదలుపెట్టారు. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే చేయగలిగింది ఏమీ ఉండేది కాదని వైద్యుడు అన్నారు. మునెమ్మ బతికింది.

తరువాత శాలిని సహచరులిద్దరు ఆ ప్రోగ్రాంను పంక్తి పంక్తీ పరీక్షించారు. దోషం కనబడలేదు.

మునెమ్మ వివరాలను నేనే నమోదు చేసి మళ్లీ నడిపించాను. ఉన్న నలభై రెండుకు ఒకటి కలిస్తే చుక్కలు నలభై మూడు కావాలి. రెండుసార్లు లెక్కపెట్టాను. వచ్చినవి నలభై రెండే. ఆ పేరులేని చుక్కకే ఇప్పుడు మునెమ్మ పేరు వచ్చింది.