రేణుకమ్మ మన్నుమూటలు

వనపర్తిలో ఫోటోల కురుమూర్తి అంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన భార్య రేణుకమ్మ అంటే మాత్రం పక్కవీధిలోనే "ఎవరామె?" అనేవాళ్ళు. లోకం తీరే అంత. దేవుడికి దండం పెట్టేవాళ్ళే గాని, ఆ మెడలో మాల ఎవరు కట్టారని అడిగినవాడు ఉండడు.

ఆ రోజుల్లో ఫోటో అంటే ఒట్టి గోధుమరంగు అట్టముక్క. కొండా అదే రంగు, కొత్తకోడలూ అదే రంగు. కురుమూర్తి మూడుకాళ్ళ కెమెరాను బండికెక్కించుకొని గద్వాల కోట, అలంపురం గుళ్ళు, లింగాల అవతలి అడవి అంతా తిరిగేవాడు. కంటికి నచ్చింది పట్టుకొచ్చి భార్య ముందు పెట్టేవాడు. దానికి ప్రాణం పోసేది రేణుకమ్మ. ఆమె తండ్రి పల్లకీలకూ పెండ్లిపీటలకూ రంగులు వేసి బతికినవాడు. రాయి మీద రంగు నూరడం, తుమ్మబంక కలపడం, ఉడుత తోకవెంట్రుకలతో కుంచె కట్టడం ఆమెకు ఉగ్గుపాలతో అబ్బిన విద్యలు.

చిత్రమేమిటంటే, ఆమె ఊరు దాటి ఎరగదు. పుట్టిల్లు పైవీధి, అత్తిల్లు కిందివీధి. తుంగభద్రను కళ్ళారా చూడని మనిషి తుంగభద్రకు నలభైసార్లు రంగు వేసింది. వేస్తే అలంపురం నుంచి వచ్చినవాళ్ళు కూడా నోరు తెరుచుకొని చూసేవాళ్ళు.

ఆ పనితనం ఊరికే రాలేదు. ముందు చీవాట్లు తినే వచ్చింది. పెండ్లయిన తొలి ఏడు బట్టల దుకాణం వాళ్ళ కొత్తకోడలి ఫోటోకు రంగు వేయాల్సి వచ్చింది. మొగుడు ఊళ్ళో లేడు. అట్ట మీద చీర నల్లగా కనబడింది కదా అని, ఈమె నీలిమందులో దీపపు మసి కలిపి కారునలుపు దిద్దింది. తీరా చూస్తే అది పెండ్లినాటి ఎర్రచీర! ఆ కోడలి అత్తగారు ఫోటో పట్టుకొని వీధి వీధంతా వినబడేట్టు లంకించుకుంది. "నా కోడలికి నల్లచీర కట్టిస్తవా? మా ఇంట్ల ఎవరన్న సచ్చిండ్రా ఏందే?" రేణుకమ్మ మూడు రోజులు గడప దాటలేదు. తిరిగొచ్చిన కురుమూర్తి అసలు సంగతి చెప్పాడు. కెమెరాలో పెట్టే గాజుపలకకు ఎరుపు కనబడదట. ఎర్రనిదాన్ని కూడా నల్లనిదిగానే చూస్తుందట.

"మరి జర ముందుగాల చెప్తే నీ నోట్ల ముత్యాలు రాల్తయా?" అంది రేణుకమ్మ.

అప్పటినుంచి ఆమె పలకనూ నమ్మలేదు, మొగుడి మాటనూ నమ్మలేదు. మగవాళ్ళను రంగులడిగితే "ఎర్రగుంటది, పచ్చగుంటది" అంతకుమించి రాదు. ఎరుపులో ఎన్ని ఎరుపులు! అందుకని ఎవరు ఏ ఊరికి పోతున్నా ఒక్కటే అడిగేది. "వచ్చేటప్పుడు గా ఊరి మన్ను చారెడు తే." బండివాళ్ళు తెచ్చారు, గాజులమ్మేవాళ్ళు తెచ్చారు, పెండ్లికి పోయినవాళ్ళు కొంగున కట్టుకొచ్చారు. చదువు రాదు గనుక పేర్లు రాసుకోలేదు, మూట కట్టిన తీరే గుర్తు. గద్వాల నల్లరేగడి మూటకు పట్టుదారం, అలంపురం రాతిపొడికి అరటినార, అడవి మన్నుకు అడ్డాకు. దూలానికి వేలాడే ఆ మూటల్ని చూసి కొత్తవాళ్ళు మందులమ్మే ఇల్లనుకునేవాళ్ళు.

నల్లమల నుంచి తేనె తెచ్చే మల్లన్నను ఒకసారి జలపాతం రంగు అడిగింది. అతడు పాపం సొరకాయబుర్ర నిండా ఆ నీళ్ళే తెచ్చి ముందు పెట్టాడు. గిన్నెలో వంచితే మామూలు నీళ్ళు! ఇద్దరూ వాటి వంకే చాలాసేపు చూశారు. మరుసటి నెల మల్లన్న పాచిపట్టిన రాయి ఒకటి మోసుకొచ్చాడు. "నీళ్ళకేం రంగుంటదమ్మా? కిందున్న రాయిదే రంగు," అన్నాడు. రేణుకమ్మ ఆ మాటకు మురిసిపోయి అతడికి కడుపునిండా అన్నం పెట్టింది. ఆ తర్వాత ఆమె వేసిన జలపాతంలో నీళ్ళ అడుగున రాయి కనబడేది.

సంతనాడు ఆ బొమ్మలన్నీ అరుగు మీద దారం కట్టి వేలాడదీసేది. చూసినందుకు ఎవరినీ ఏమీ అడిగేది కాదు. ఉల్లిగడ్డలకని వచ్చినవాళ్ళు గద్వాల కోట చూసి, కృష్ణ ఒడ్డున కాసేపు నిలబడి, జోగులాంబ గుడికి దండం పెట్టుకొని ఇంటికి పోయేవాళ్ళు. కొందరైతే అరుగు కిందనే చెప్పులు విడిచేవాళ్ళు. పుట్టినప్పటినుంచీ తమ మెట్టచెలక తప్ప మరొకటి చూడని ఆడవాళ్ళకు లోకం చూపించిన అరుగు అది. చూపించిందీ ఊరు దాటని మనిషే.

ఆ అరుగు దగ్గరికే ఒకరోజు లచ్చమ్మ వచ్చింది. పంతొమ్మిది వందల నలభైమూడు, పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు, శివరాత్రి దాటి వారమైంది. బిజినేపల్లి అవతలి పల్లె ఆమెది. పది ఎకరాల ఎర్రచెలక, ఒక్కడే కొడుకు, పేరు అంజయ్య. రెండేండ్ల కింద తల్లితో పోట్లాడి, సంతకు పోతున్నానని చెప్పి, పట్టాళంలో చేరిపోయాడు. ఇప్పుడు ఎక్కడో సముద్రం అవతల బస్రాలో కాలు విరిగి దవాఖానలో పడి ఉన్నాడు. ఇంటికి పంపమంటావా, ఇక్కడే గోదాములో కూర్చోబెట్టమంటావా అని పట్టాళం దొర అడిగాడట. "ఇంటికి వచ్చి ఏం చెయ్యాలె?" అని కొడుకు కార్డు రాయించాడు.

"గీ ఎర్రచెలక మనకేం పెట్టింది, నన్ను ఎద్దు లెక్క దీనికి కట్టేస్తున్నవ్ అన్నడు బిడ్డా," అంది లచ్చమ్మ. "గా మాటకు నేను గూడ తిట్టిన. పొయ్యేటోడు నా కాళ్ళకు మొక్కి పోలే. ఎట్ల పోయిండో గట్లనే ఉండిపోతడేమోనని పానం కొట్టుకుంటుంది. చేను పోటువ తీసి పంపుతే మనసు మళ్ళుతదేమో."

కురుమూర్తి నాగర్‌కర్నూలు పోతూ దారిలో ఆగి చేను ఫోటో తీసుకొచ్చాడు. తీయడానికి అందులో ఏముంది! వానలు ముఖం చాటేసిన ఏడు. ఎండిన చెలక, ఒక గట్టు, మూలన అంజయ్య చిన్నప్పటినుంచీ ఏరిపోసిన రాళ్ళకుప్ప.

రంగు వేయించడానికి లచ్చమ్మ మళ్ళీ రెండామడలు నడిచి వచ్చింది. కొంగుముడి విప్పి మన్ను ముందు పెట్టింది. "ఇగో బిడ్డా, నా చేను మన్ను. జొన్న పచ్చగ నిలబడ్డట్టు వెయ్యి. కంకులు గూడ జర నిండుగ వెయ్యి."

రేణుకమ్మ మన్ను వేళ్ళతో నలిపింది. నల్లగా, జిగటగా ఉంది. చెరువు కింది పొలం మన్ను అది. ముఖం చూస్తే ముసలామె ఎటో చూస్తోంది. కాళ్ళు చూసింది. నడిచి నడిచి తెల్లబడిన పాదాలు. మడమల పగుళ్ళలో మాత్రం గీతలు గీసినట్టు ఎరుపు.

అబద్ధమాడావు అనలేదు రేణుకమ్మ. లోపలికి పోయి ఇత్తడి తాంబాళంలో నీళ్ళు తెచ్చింది. "కాళ్ళు పెట్టు పెద్దమ్మా."

"అయ్యో, నేనేమన్న కాశికి పోయొచ్చిన్నా, కాళ్ళు కడగనీకి?"

"పెట్టు."

మొదటి నీళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. వాటిని పారబోసింది. మళ్ళీ నీళ్ళు పోసి, వేపపుల్లతో పగులు పగులూ నొప్పి తెలియకుండా మెల్లగా తీసింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. తాంబాళం కదలకుండా పక్కన పెట్టింది.

"పైదుమ్ము తోవది పెద్దమ్మా. లోపల దూరింది చేనుది. ఇయ్యాల దూరింది గాదు, ఏండ్ల సంది దూరింది."

లచ్చమ్మ బావురుమంది. "పటేలు పొలంల తెచ్చిన బిడ్డా, నిజమే. ఎర్రమన్ను చూస్తే వాడు రాడు! దాని మీద కోపంతోనే గద పోయింది!"

"పచ్చగ చూసి మురుసుకుంట వస్తడు. వచ్చినంక ఎండింది చూస్తడు. మళ్ల పోతే ఏం జేస్తవ్?"

ముసలామె దగ్గర ఉన్నదల్లా ఆశ. దాన్ని కాదనడం ఎంత కష్టమో రేణుకమ్మకు ఆ పూట తెలిసింది. నిజంగానే రాతి మీద కాస్త పచ్చరంగు నూరింది కూడా. కురుమూర్తి ఊరుకోక, "వెయ్యరాదు? నీ సొమ్మేం పోయింది? ముసలామె సంతోషపడ్తది," అన్నాడు.

కుంచె పచ్చరంగు దాకా పోయి ఆగింది. రేణుకమ్మకు ఆ పాత నల్లచీర గుర్తొచ్చింది. "ఎరుపును నలుపు జేసి ఒకసారి కొంపకు నిప్పు పెట్టిన. మళ్ల పెట్టను," అంటూ రాతిని కడిగేసింది.

తాంబాళం అడుగున తేరుకున్న మన్ను ఆరబెడితే చిటికెడు కూడా కాలేదు. దాన్ని తుమ్మబంకతో నూరింది. రెండు రోజులు వంచిన తల ఎత్తలేదు. గట్టు నీడలో ఒక ఎరుపు, పాత నాగటిచాలులో ఒక ఎరుపు, రాళ్ళకుప్ప మీద ఎండ పడినచోట మరొకటి. ఇంత ఎండిన చేనులో ఇన్ని రంగులున్నాయని దాన్ని దున్నినవాళ్ళకు కూడా తెలియదు. అన్ని ఊళ్ళ మూటలూ దూలానికి ఉన్నాయి గాని, దేన్నీ ముట్టలేదు. బొమ్మలో ఉన్నది ఒక్క ఆ చేను మన్నే.

ఆ రెండు రోజులూ వాళ్ళింట్లోనే ఉండి పప్పులు విసిరి పెట్టిన లచ్చమ్మ, బొమ్మ చేతికి ఇవ్వగానే రాళ్ళకుప్ప దగ్గర వేలు ఆనించింది. "గదే," అంది. "గదే నా చేను. గందుకే నాకు భయమైతుంది."

బడిపంతులు శంకరయ్య చిరునామా రాసి టపాలో వేశాడు.

ఇక రేణుకమ్మకు పరేషాన్ పట్టుకుంది. అబ్బాయి రాకపోతే? తల్లి నోటి దగ్గర ముద్దను తన కుంచె తన్నేసినట్టే కదా! ఎవరడిగారు ఈమెను సత్యహరిశ్చంద్రుడి చెల్లెలిలా మెలగమని? సంతనాడు బొమ్మలు కట్టేది, చూపు మాత్రం బిజినేపల్లి తోవ మీదే. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతున్నా కురుమూర్తి మాట్లాడకుండా తినేవాడు. ఆ మాత్రం బుద్ధి ఉన్నవాడే.

రోహిణి ఎండలు మాడుస్తుండగా లచ్చమ్మ వచ్చింది, చేతిలో కార్డు. పల్లెలో చదివేవాళ్ళు ఉన్నారు. అయినా చదివించుకోలేదట. "నీ ముందటనే వింట బిడ్డా. మంచైనా చెడైనా," అంది. శంకరయ్యను పిలుచుకొచ్చారు. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడానికి తీసుకున్నంత సమయం ఏ పంతులూ తీసుకొని ఉండడు. చివరికి చదివాడు.

"అమ్మకు అంజయ్య రాయించునది. పోటువ ముట్టింది. చేను ఎండిపోయింది. నేను పోయినంక దాన్ని పట్టించుకున్నోడు లేడని చూస్తనే తెల్సింది. నేను ఏరిన రాళ్ళకుప్ప గట్లనే ఉంది. చేతిల గిలాస ఒరిగి పోటువ మీద నీళ్ళు పడ్డయి. తుడుస్తే వేళ్ళకు ఎర్రగ అంటింది. వాసన చూసిన. మన మన్నే అమ్మా. ఎట్లొచ్చిందో తెల్వదు, గని మన మన్నే. పారబోయ బుద్ధి గాలేదు. నొసట పెట్టుకున్న. పక్కమంచపాయన నవ్విండు, నవ్వనీ. ఇంటికి పోతనని దొరకు చెప్పిన. మృగశిర దాటకముందే వస్త. చేను ఎవ్వనికీ కౌలుకియ్యకు."

శంకరయ్య కార్డు చేతికిచ్చి, ఎందుకో తొందరగా వెళ్ళిపోయాడు. రేణుకమ్మ స్తంభానికి ఆనుకొని కూర్చుండిపోయింది. మూడు నెలల బరువు ఒక్కసారి దిగింది.

లచ్చమ్మ తన పాదాల వంక చూసుకుంది. చూసి చూసి వాటిని చీర కుచ్చెళ్ళ కిందికి ముడుచుకుంది.

"బిడ్డా, గా మన్ను ఏడికెళ్ళి తీసినవో వానికి చెప్పకు. నాకు సిగ్గైతది," అంది. కొంగుతో ముఖం తుడుచుకొని, మళ్ళీ తనే అంది. "మొక్కకుండ పోయిండని రెండేండ్లు ఏడిస్తి. మొక్కిండు చూడు. గంత దూరం నుంచి మొక్కిండు."