కారే చోటు చూడని తాతయ్య

గోడ ఎవరిదైనా సరే, కారుతున్న చోటును మాత్రం మా తాతయ్యకు చూపించకూడదు. చూపిస్తే అది తప్ప మిగతా ఇల్లంతా చూస్తాడు. బయటిగోడల సందులు పూడ్చి వాననీళ్ళు లోపలికి రాకుండా చెయ్యడం ఆయన పని. నలభై ఏళ్ళ పనిలో ఆయన నేర్చుకున్న సత్యం ఒక్కటే: "కారే చోట చిల్లుండదు. నీళ్ళు ఒకచోట దూరి ఇంకోచోట తేలతాయి."

గోడలతో ఆగితే బాగానే ఉండేది. నాకు ముక్కు కారితే తాతయ్య నా పాదాలు చూసేవాడు. "చెప్పుల్లేకుండా ఎక్కడ తిరిగావే?" కడుపునొప్పి అంటే పొట్ట వంక చూడకుండా బడిసంచి వెతికి, మర్నాటి లెక్కల పరీక్ష సంగతి బయటికి లాగేవాడు. నా చదువు ఎనిమిదితో ఆగిపోవడానికి చిల్లు కూడా నాలో లేదట. మా నాన్న దగ్గర దూరి నా దగ్గర తేలిందట. ఆ ఒక్క విషయంలో నేనాయనతో ఎప్పుడూ వాదించలేదు.

కూరలో ఉప్పెక్కువైందని మేమంటే బామ్మ కంటే ముందు ఆయనే అందుకునేవాడు.

"తప్పు కూరది కాదర్రా. పొద్దున మీ బామ్మకు వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది. చిల్లు అక్కడుంది."

"మా చెల్లెలు మీకు చిల్లులా కనిపిస్తోందా?"

"చూశారా, ఎక్కడ కారుతోందో!"

ఆ పూట మా ఇంట్లో గిన్నెలు తప్ప ఎవరూ మాట్లాడేవారు కాదు.

పెద్దయ్యాక నేనూ ఆ పనిలోనే కుదురుకున్నాను. తాతయ్య బయట నిచ్చెన మీద నిలబడి, గొట్టంతో గోడను కింది నుంచి పైకి వరుసవరుసగా తడుపుతాడు. నేను లోపల గోడకు అరచెయ్యి ఆనించి నిలబడతాను. చెమ్మ తగలగానే "వచ్చింది!" అని అరవాలి. ఏ వరుస తడుపుతుండగా అరిచానో చిల్లు అక్కడ. ఇంత చిన్న ఉద్యోగానికి ఎనిమిదో తరగతి కూడా ఎక్కువే.

ఒకసారి వానలకు ముందు, రెండంతస్తుల ఇటుకల ఇంటి యజమాని పిలిపించాడు. కింద ఆయన పడకగది గోడకు పెద్ద చెమ్మమరక. పైగదిలో చొక్కాలకు కాజాలు కుట్టి బతికే ఆవిడ ఒక్కతే అద్దెకుంటోంది. అందరికీ ఆవిడ కాజాల పిన్నే. కళ్ళలో ఎండ పడకుండా కిటికీ పైన బయటిగోడకు నాలుగు మేకులు కొట్టి తడక కట్టుకుంది.

"ఆ మేకులవల్లే కారుతోందని తేలిందా, నెలాఖరుకు గది ఖాళీ చేయిస్తాను," అన్నాడు యజమాని. "చిల్లు పైనుందని చెప్పడంలో మీకు పేరుందిగా. తేల్చండి."

పిన్ని కిటికీలోంచి అంతా వింటోంది. అంత వెలుతురున్న కిటికీ ఆవిడకొచ్చే సంపాదనకు ఇంకెక్కడా దొరకదు. ఆ వెలుతురు పోతే పనీ పోయినట్టే.

తాతయ్య తడపడం మొదలుపెట్టాడు. యజమాని నిచ్చెన కిందే కాపలా. మరక దగ్గర తడిపాడు, ఏమీ లేదు. పై అంతస్తుకెక్కాడు, ఏమీ లేదు. పూటంతా గడిచి మేకుల దాకా వెళ్ళాడో లేదో నా అరచెయ్యి చల్లబడింది.

"వచ్చింది!" అని అరిచాను.

"ఏం వచ్చిందట?" యజమాని గొంతు.

"నిద్రొచ్చిందట," అన్నాడు తాతయ్య.

"నిద్ర కాదు తాతయ్యా, నీళ్ళు!"

"మంచినీళ్ళు కావాలిట. కూజా మీ వంటింట్లోనేనా అండీ?"

నాకు ఒళ్ళు మండి బయటికొచ్చాను. నిచ్చెన మీంచి తాతయ్య నా వంక చూడలేదు. పైన కిటికీలో పిన్ని మాత్రం పళ్ళ మధ్య దారం పట్టుకుని నన్నే చూస్తోంది. నేను లోపలికెళ్ళి నిజంగానే నీళ్ళు తాగాను.

తాతయ్య కిందికి దిగి మరకకు ఎదురుగా మళ్ళీ తడిపాడు. "ఇప్పుడో?" అని కేకేశాడు.

గోడకు చెయ్యి కూడా ఆనించకుండా "వచ్చింది!" అన్నాను.

"చిల్లు కారే చోటే ఉందండీ," అని తేల్చాడు తాతయ్య.

యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే నలభై ఏళ్ళూ నిచ్చెనలెక్కడం దండగేనా?"

బామ్మ దగ్గర తప్ప ఎవరి దగ్గరా మాట పడని మనిషి, "దండగేనండీ," అన్నాడు. "మీరు లోపల మరక మీద చెయ్యి పెట్టుకుని ఉండండి. నేను చెప్పేదాకా తియ్యకండి. తీస్తే పట్టదు."

యజమాని లోపల గోడను మోస్తున్నట్టు గంటన్నర నిలబడ్డాడు. ఈలోగా బయట తాతయ్య పైకెక్కి నాలుగు మేకులూ పీకి, ఇటుకల మధ్య పుచ్చిన సున్నం గీకి, కుంచెతో దులిపి, తడిపి, కొత్త సిమెంటు పొరలు పొరలుగా కూరాడు. తడకను గోడకు కాకుండా కిటికీ చట్రానికి కట్టాడు. కింద మరకకు ఎదురుగా ఇంత సిమెంటు మెత్తి, బాగా కనబడేలా వదిలేశాడు. పిన్ని కిటికీలోంచి ఒక చొక్కా అందించబోతే, "నాకిది బిగుతమ్మా," అని కొలవకుండానే తిప్పి పంపాడు.

ఆ వానాకాలం యజమాని గోడ చుక్క కారలేదు. ఆయన వీధివీధీ తిరిగి ప్రచారం మొదలుపెట్టాడు. "ముసలాయనకు నేనే జ్ఞానోదయం చేశాను. మరక ఎక్కడుంటే అక్కడే పూయించుకోండి!" మిగతా మేస్త్రీలు తాతయ్య ఎదురైతే నేల వంక చూపించి, "చిల్లు ఇక్కడేనా పెద్దాయనా?" అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. పిన్ని సంగతి బామ్మకు కూడా చెప్పలేదు.

యజమాని సలహా విని ముప్ఫై ఇళ్ళవాళ్ళు మరకల మీద సిమెంటు పూసుకున్నారు. మరుసటేడు మొదటి ముసురుకే ముప్ఫై ఇళ్ళూ కారాయి. అందరూ మా గుమ్మంలో వరుస కట్టారు. ఊపిరి తీసుకోవడానికి కూడా సందు లేదు. వాళ్ళలో ఒకాయన తనింటి గోడకు వేసిన నిచ్చెన పట్టుకుని నిలదీశాడు.

"మళ్ళీ పైకెక్కుతున్నారేంటండీ? మరి ఆయనింట్లో మరక దగ్గర పూస్తే ఆగిందిగా?"

తాతయ్య రెండు మెట్లెక్కి ఆగాడు.

"ఆయన గోడకు లోపలొకటి బయటొకటి ఉండదండీ," అన్నాడు. "అంత మంచి గోడ మీకెక్కడిది?"